పదిహేను మంది, థాయ్ భోజనం

ప్రశ్న: అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని పదిహేను మందిమి హైదరాబాద్‌లో థాయ్ రెస్టారెంట్‌కు వెళ్తున్నాం. శాకాహారులూ ఉన్నారు. ఎలా ఆర్డరివ్వాలి?
– ఒక పాఠకుడు, హనుమంతునిపాడు

జవాబు: థాయ్‌లాండ్‌లో కూరలన్నీ మధ్యలో పెట్టుకుని, ఎవరి అన్నంలోకి వాళ్లు కొద్దికొద్దిగా వడ్డించుకుంటారు. అయిదుగురికో జట్టు చొప్పున ఒక సూప్, ఒక కూర, ఒక వేపుడు, ఒక సలాడ్ చెబితే సరిపోతుంది.

శాకాహారులకే చిక్కు. గ్రీన్ కర్రీ మసాలాలో రొయ్యల ముద్ద, బొప్పాయి సలాడ్ ‘సోమ్ తమ్’లో చేప సాస్, ఎండు రొయ్యలు వేయడం మామూలే. అవి లేకుండా చేస్తారా అని టేబుల్ బుక్ చేసేటప్పుడే అడగాలి. పల్లీలు పడనివారుంటే, అవి వేసే నూడుల్స్ ‘పాడ్ థాయ్’ సంగతీ చెప్పాలి.

ఇక బిల్లులో సర్వీస్ చార్జిని తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమంటే రెస్టారెంట్ వాళ్లు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.