రాత్రి కోసం పగలే వేసే లెక్క

నాచారం,
డిసెంబర్ 14.

చి. చిన్నికి మామ ఆశీర్వదించి రాయునది.

మీ అత్తకు మోకాలి నొప్పి కొంచెం నెమ్మదించింది. నువ్వు సెలవులకు ఇంటికొస్తున్నావనీ, ఉప్పల్‌లో మీ అపార్ట్‌మెంట్ డాబా మీద కెమెరా పెట్టి, రింగ్‌రోడ్డు మీద పొద్దుగుంకి రాత్రయ్యేదంతా టైమ్‌లాప్స్ తీస్తావనీ మీ అమ్మ చెప్పింది. నీ మెసేజ్ కూడా చూశాను. "ఇంటర్వెల్ ఎన్ని సెకన్లు పెట్టాలి మామా, ఒక్క నంబర్ చెప్పు చాలు" అన్నావు. నంబర్ చెప్తాను బిడ్డా: నాలుగు. కానీ ఆ నాలుగు ఎట్లా వచ్చిందో తెలియకపోతే రేపు వానాకాలంలోనో, ఇంకో ఊళ్ళోనో కెమెరా పెట్టినప్పుడు మళ్ళీ నన్నే అడగాల్సి వస్తుంది. ఫోన్‌లో తేలే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నా.

ఇంటర్వెల్ అంటే ఒక ఫొటో మొదలైన క్షణం నుంచి తర్వాతి ఫొటో మొదలయ్యే క్షణం దాకా ఉండే గడువు. అది ఎంత ఉండాలో మొదట చెప్పేది ఫ్రేమ్‌లో కదిలే వస్తువు. దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీయకముందు, 1912లో, ఒక బఠాణీ గింజ మొలకెత్తి మొక్కయ్యేదాకా రోజుకొక ఫ్రేమ్ చొప్పున తీసి చిన్న సినిమా చేశాడు. దాన్ని చూపించి తన పెద్ద సినిమాకు పెట్టుబడి పెట్టేవాళ్ళను ఒప్పించాడు. ఆయన పెట్టుకున్న ఇంటర్వెల్ ఒక రోజు. మొక్క పెరిగే తీరుకు అది సరిపోయింది. ఉప్పల్ చౌరస్తాలో ఆటోకు పది సెకన్లు కూడా ఎక్కువే.

మీ డాబా మీద నుంచి ఏమేం కనిపిస్తాయో ఒకసారి లెక్కపెట్టు. హబ్సిగూడ వైపు నుంచి వచ్చి నాగోల్ వైపు మళ్ళే మెట్రో లైను. వరంగల్ రోడ్డు మీద బారులు తీరిన బస్సులు. 2023లో తెరిచిన స్కైవాక్, దాని మీద నడిచే జనం. సిగ్నల్ దగ్గర ఆగి కదిలే బండ్లు. వీటన్నిటిలో ముందు పట్టించుకోవాల్సింది మెట్రోను. మూడు పెట్టెల రైలు అది. నీ ఫ్రేమ్‌లో లైను ఒక నాలుగు వందల మీటర్లు కనబడుతుందనుకో. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ దూరం దాటడానికి అరనిమిషం లోపే. పది సెకన్ల ఇంటర్వెల్ పెడితే రైలు మూడంటే మూడు ఫ్రేముల్లో పడుతుంది. సెకనుకు 25 ఫ్రేములు నడిచే వీడియోలో మూడు ఫ్రేములంటే రెప్పపాటు కూడా కాదు. ఏదో మచ్చ మెరిసి పోయిందనుకుంటారు చూసేవాళ్ళు. నాలుగు సెకన్లయితే ఏడు ఫ్రేములు. రైలు ఎటు నుంచి ఎటు పోయిందో కంటికి ఆనుతుంది. రెండు సెకన్లయితే పధ్నాలుగు, ఇంకా సాఫీగా సాగుతుంది.

సిగ్నల్‌తో ఇంకో తిరకాసు ఉంది. సిగ్నల్ రెండు నిమిషాలకోసారి తిరిగి మొదటికి వస్తుందనుకో. నువ్వు నిమిషానికొక ఫొటో తీస్తే నీకు ఎప్పుడూ అవే రెండు స్థితులు దొరుకుతాయి. ఒక ఫొటోలో ఆగిన బండ్లు, ఇంకోదాంట్లో ఖాళీ రోడ్డు, మళ్ళీ ఆగిన బండ్లు. పాత సినిమాల్లో జట్కా చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించేది కూడా ఈ కారణం వల్లే. ఇంటర్వెల్ చిన్నదైతే ఈ బెడద ఉండదు.

"మరి రెండు సెకన్లే పెట్టొచ్చు కదా, ఇంకా చిన్నది కదా" అంటావు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పగలొక్కటే తీసేవాడికి రెండు సెకన్లు పనికొస్తాయి. నువ్వు తీసేది పగలు, రాత్రి కలిపి. రాత్రి ఏడింటికి రోడ్డు దీపాలూ, నల్లబడ్డ ఆకాశమూ రెండూ ఫొటోలో ఆనాలంటే, అపర్చర్ ఎఫ్ 4, ఐఎస్‌ఓ 100 దగ్గర షట్టర్ సుమారు రెండు సెకన్లు తెరిచి ఉంచాలి. ఆ ఫొటోను కార్డులో రాసుకోవడానికి కెమెరాకు ఇంకో సెకను ఇవ్వు. పైన ఒక సెకను వెసులుబాటు. అదే నాలుగు. రెండు సెకన్ల ఇంటర్వెల్ పెట్టి కూర్చుంటే సాయంత్రం బాగానే నడుస్తుంది. చీకటి పడ్డాక షట్టర్ మూసుకోకముందే తర్వాతి ఫొటో వంతు వచ్చేస్తుంది. కెమెరా ఒక వంతు వదిలేసి తర్వాతిది అందుకుంటుంది. అప్పటిదాకా ఒక జోరులో నడిచిన రోడ్డు వీడియోలో ఉన్నట్టుండి రెట్టింపు వేగం అందుకుంటుంది. కాబట్టి సాయంత్రం నాలుగుంపావుకు డాబా ఎక్కినప్పుడు ఎదురుగా ఉన్న ఎండను చూసి ఇంటర్వెల్ పెట్టకు. ఆ రాత్రి నీకు కావాల్సిన అన్నిటికంటే పొడుగు షట్టర్ ఎంతో చూసుకొని పెట్టు. దాన్ని ఆఖరి ఫ్రేమ్ దాకా మార్చకు. మధ్యలో మారిస్తే మబ్బులూ, బండ్లూ, మనుషులూ అన్నిటి నడకా ఒక్కసారిగా మారిపోతుంది.

నాలుగు సెకన్ల ఇంటర్వెల్‌లో రెండు సెకన్ల షట్టర్ అంటే సగానికి సగం. కదలిక సాఫీగా కనబడాలంటే షట్టర్ ఇంటర్వెల్‌లో దాదాపు సగం ఉండాలని టైమ్‌లాప్స్ తీసేవాళ్ళు అంటారు. హెడ్‌లైట్లు చుక్కలుగా కాకుండా గీతలుగా సాగి ఒకదానికొకటి అందుకుంటాయి. పగటి ఫ్రేముల్లో ఆ సౌఖ్యం ఉండదు. అప్పుడు షట్టర్ సెకనులో 500వ వంతు. బండ్లు గెంతినట్టు ఉంటాయి. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగించి షట్టర్ పొడిగించొచ్చు గానీ, చీకటి పడే వేళ దాన్ని చేత్తో విప్పాలి, విప్పితే ఫ్రేమ్ జరుగుతుంది. మొదటిసారి వద్దు. వీడియోలో పగటి భాగం ఎక్కువ సేపు ఉంచకు, అంతే.

ఇప్పుడు వెలుతురు సంగతి. ఎఫ్ 4, ఐఎస్‌ఓ 100 కదల్చకుండా 500వ వంతు సెకను నుంచి రెండు సెకన్లకు రావాలంటే షట్టర్ పదిసార్లు రెట్టింపు కావాలి. పది స్టాపులు. అందులో సగానికి పైగా పొద్దుగుంకాక అరగంటలోనే ఖర్చవుతాయి. ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది యూరప్, అమెరికాల్లో ఉంటారు. వాళ్ళ సంధ్య వేరు, మన సంధ్య వేరు. డిసెంబర్‌లో లండన్‌లో సూర్యుడు దిగాక ఆరు డిగ్రీల కిందికి పోవడానికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు. మనకు 24 నిమిషాలే. వాళ్ళు చెప్పే ఇంటర్వెల్ తెచ్చి ఇక్కడ పెడితే అసురసంధ్య అంతా గబగబా చుట్టేసినట్టు ఉంటుంది.

లెక్క చూడు. అరగంటలో ఆరు స్టాపులు మారాయనుకో. కెమెరా ఒక్కో స్టాపును మూడు మెట్లుగా మారుస్తుంది. అంటే 18 మెట్లు. నాలుగు సెకన్ల ఇంటర్వెల్‌లో అరగంటకు 450 ఫ్రేములు. 25 ఫ్రేములకొక మెట్టు, అంటే వీడియోలో సెకనుకొకసారి వెలుతురులో చిన్న కుదుపు వస్తుంది. మధ్య ఫ్రేములు చాలినన్ని ఉన్నాయి కాబట్టి ఎల్‌ఆర్‌టైమ్‌లాప్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ కుదుపును మెల్లగా పరిచేస్తుంది. 20 సెకన్లు పెట్టి ఉంటే ఆ అరగంటకు 90 ఫ్రేములే. అయిదు ఫ్రేములకొక మెట్టు. ఆకాశం రెపరెపలాడుతుంది.

ఎఫ్ 4 ఎందుకన్నానంటే, నీ దగ్గరున్న లెన్స్ పూర్తిగా తెరిస్తే ఎఫ్ 4. ఎఫ్ 8 పెడితే ప్రతి ఫొటోకూ లోపలి రెక్కలు మూసుకొని తెరుచుకుంటాయి. ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో ఆగుతాయి. ఆ తేడా వీడియోలో మిణుకు మిణుకుమంటుంది. పూర్తిగా తెరిచి ఉంచితే రెక్కలు కదలవు. ఫోకస్ మాన్యువల్‌లో ఉంచు. వైట్ బ్యాలెన్స్ ఒకచోట కట్టేయి. పగటి ఫ్రేములు ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీయకు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో నడిచే దుకాణం బోర్డులు చాలావరకు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. ఆ షట్టర్‌తో 500వ వంతు సెకనులో తీస్తే బోర్డు మీద నల్ల చారలు పడతాయి. రాత్రి పొడుగు షట్టర్‌లో ఆ బాధ ఉండదు.

నేను స్టూడియోల్లో కెమెరా అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు 35 ఎంఎం ఫిల్ముకు అడుగుకు 16 ఫ్రేములు. 400 అడుగుల రోల్ అంటే 6,400. రోల్ ఎక్కించకముందే షాట్‌కు ఎన్ని అడుగులు పోతాయో కాగితం మీద వేసుకునేవాళ్ళం. నువ్వూ వేసుకో. నాలుగుంపావు నుంచి ఏడుంపావు దాకా మూడు గంటలు, 10,800 సెకన్లు. నాలుగుతో భాగిస్తే 2,700 ఫ్రేములు. 25 చొప్పున 108 సెకన్ల వీడియో. రా ఫైలు 25 ఎంబీ అనుకున్నా 67 జీబీ దాటుతుంది. 64 జీబీ కార్డుతో మొదలుపెడితే షాట్ పూర్తికాకముందే కార్డు నిండిపోతుంది. 128 జీబీది పెట్టు. బ్యాటరీ బదులు డాబా మీదికి కరెంటు లాగి డమ్మీ బ్యాటరీ వాడు.

108 సెకన్లు ఎవరు చూస్తారని అనుకుంటావేమో. ఒకటి విడిచి ఒకటి ఫ్రేమ్ తీసేస్తే ఎనిమిది సెకన్ల ఇంటర్వెల్‌తో తీసిన 54 సెకన్ల వీడియో చేతికొస్తుంది. నాలుగులో నుంచి ఎనిమిది, పన్నెండు తీసుకోవచ్చు. ఎనిమిదితో తీసినదాంట్లో నుంచి నాలుగు పుట్టదు. అందుకే అనుమానం వస్తే చిన్నదాని వైపే మొగ్గు. ఎంత చిన్నది పెట్టొచ్చన్నదానికి హద్దు మాత్రం రాత్రి షట్టరే.

ఇదే లెక్క నాచారంలో మా డాబా మీద వేస్తే నంబర్ మారిపోతుంది. మాకు కనబడేవి ఇండస్ట్రియల్ ఏరియా రేకుల షెడ్లు, నీళ్ళ ట్యాంకులు, ఆకాశం. పెద్దచెరువు గట్టున పెట్టినా అంతే, నీళ్ళలో రంగు మారడమే కథ. ఇలాంటిచోట ఎనిమిది, పది సెకన్లు పుష్కలం. రాత్రి షట్టర్‌ను అయిదారు సెకన్ల దాకా పొడిగించే వీలూ ఉంటుంది. జూన్, జులైల్లో మబ్బులు పరుగెత్తేటప్పుడైతే మళ్ళీ అయిదారుకు దించాలి. ఐపీఎల్ రోజుల్లో ఏడున్నర మ్యాచ్‌కు స్టేడియం ఫ్లడ్‌లైట్లు వెలిగినప్పుడు మీ ఉప్పల్ ఆకాశం ఒక పక్క తెల్లబడుతుంది. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలితే అది మోసపోయి రోడ్డంతా నల్లబరుస్తుంది. అప్పటి పాఠం అప్పుడు.

ఈ నెలాఖరున పొద్దు ఆరుకు పది పన్నెండు నిమిషాల ముందే గుంకుతుంది. సూర్యుడు సరిగ్గా పడమరన దిగడు. దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి ఒరిగి, మీ వైపు నుంచి చూస్తే రామంతాపూర్ దిక్కున పోతాడు. ఫ్రేమ్ దాన్ని బట్టి కట్టుకో. స్కైవాక్ మీద ట్రైపాడ్ పెట్టే ఆలోచన ఉంటే మానుకో. జనం నడకకు అది అదురుతుంది, పైగా సెక్యూరిటీ వాళ్ళు ఊరుకోరు. డాబా మీదే పిట్టగోడకు కాస్త ఎడంగా, ట్రైపాడ్ కాళ్ళు పొడిగించకుండా, మధ్యలో బరువు కట్టి పెట్టు. సంక్రాంతి దగ్గర పడుతోంది కాబట్టి పిల్లలు పతంగులతో డాబా ఎక్కుతారు. మాంజా లెన్స్‌కు చుట్టుకోకుండా ముందే వాళ్ళతో మంచి చేసుకో.

రాగానే కెమెరా తీయకు. మొదటి సాయంత్రం చేతి గడియారం, నోట్‌బుక్ పట్టుకొని డాబా మీద కూర్చో. వీధి దీపాలు ఎప్పుడు వెలిగాయి, దుకాణం బోర్డుల వెలుగూ ఆకాశం వెలుగూ ఎప్పుడు సమానమయ్యాయి, ఆకాశంలో నీలం ఎప్పుడు పూర్తిగా పోయింది, ఈ మూడు టైములు రాసుకో. వెళ్ళిపోయే ముందు ఆ చీకట్లో ఒక్క ఫొటో తీసి షట్టర్ ఎంత కావాల్సి వచ్చిందో చూడు. రెండు సెకన్లని నేను రాసింది అనుభవం మీది అంచనా. మీ చౌరస్తా వెలుగుకు అది ఒకటిన్నర అయినా కావచ్చు, మూడు అయినా కావచ్చు. మూడైతే నా నాలుగును పక్కన పెట్టి అయిదు పెట్టుకో.

తీశాక నాలుగు సెకన్లది ఒకటి, ఎనిమిది సెకన్లది ఒకటి, రెండు వీడియోలు చేసి ఆదివారం నాచారం పట్టుకురా. రెండింటిలో ఏది ఉంచాలో, ఎందుకో నువ్వే చెప్పాలి, నేను వింటాను. అత్త సర్వపిండి చేస్తానంటోంది, అమ్మను కూడా తీసుకురా.

ఇట్లు,
మీ మామ