గంజి చెప్పిన పాఠం

పిల్లలూ! మీ ఇంట్లో అన్నం వార్చిన గంజిని ఏం చేస్తారు? మా ఇంట్లో పారబోసేవారు. నేనేమో తరగతిలో "బి1 విటమిన్ లోపిస్తే బెరిబెరి వస్తుంది" అని ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాను!

ఒక వేసవిలో సైన్సు ఉపాధ్యాయులకు పోషకాహారంపై శిక్షణ జరిగింది. అక్కడ మా చేత మొదట చేయించిన పని ఏమిటో తెలుసా? అన్నం వార్చడం! చల్లారిన గంజిలో ఒక చుక్క అయొడిన్ ద్రావణం వేశాము. ముదురు నీలిరంగు వచ్చింది. అంటే గంజిలో పిండిపదార్థం ఉన్నదన్నమాట. రంగు చూపని మరొకటి కూడా అందులో ఉంది. బి1 నీటిలో కరుగుతుంది. కనుక బియ్యం కడిగిన నీటితో కొంత, గంజితో మరికొంత పోతుంది. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో అసలే తక్కువ. తవుడుతోపాటు మిల్లులోనే చాలావరకు పోతుంది.

మరి ఉప్పుడు బియ్యమో? వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరల్లోని బి1 కొంత గింజ లోపలికి చేరుతుంది. అందుచేత మరపట్టినా నిలుస్తుంది.

బెరిబెరిని పరిశోధించడానికే 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఒకే గదిలో ప్రయోగశాల ప్రారంభించాడు. అదే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఆనాటినుంచి మా ఇంట్లో అన్నం అత్తెసరే. మీరూ అయొడిన్ పరీక్ష చేసి ఇంట్లో పెద్దలకు చూపండి. అయొడిన్ కలిపిన గంజిని మాత్రం తాగకండి, పశువులకూ పోయకండి!