పోటీ పరీక్షల ప్రత్యేకం: బందరు చర్చి, జస్టీనియన్ శోకం

ప్రేమ స్మారకం అనగానే అభ్యర్థులు తాజ్‌మహల్ దగ్గరే ఆగిపోతారు. (ముంతాజ్ మరణం: 1631, బుర్హాన్‌పూర్.) కృష్ణా డెల్టాలోనే, మచిలీపట్నం (బందరు)లో, అలాంటి కట్టడం ఒకటి ఉంది: సెయింట్ మేరీస్ చర్చి. కట్టించింది ఈస్టిండియా కంపెనీ సేనాని జాన్ పేటర్. ఆయన ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ 1809లో కన్నుమూసింది. పెళ్లి కాలేదని శ్మశానంలో చోటివ్వలేదట; ఆమెను ఖననం చేసిన చోటే ఆయన చర్చి లేపాడని బందరులో చెప్పుకుంటారు. ఇది స్థానిక కథనం. జవాబులో అలాగే రాయాలి. సమాధి మాత్రం చర్చిలోనే ఉంది.

ప్రపంచ చరిత్రలో దీనికి జోడీ బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్ (పాలన 527–565). 532లో నికా తిరుగుబాటుకు ఆయన పారిపోబోతే, నిలబడమని ధైర్యం చెప్పింది రాణి థియోడోరానే. 548 జూన్ 28న ఆమె మరణించింది. ఆయన మళ్లీ పెళ్లాడలేదు. 559లో ఊరేగింపుగా కాన్‌స్టాంటినోపుల్‌కు తిరిగొస్తూ, మధ్యలో ఆగి హోలీ అపోస్టల్స్ చర్చిలో ఆమె సమాధి వద్ద కొవ్వొత్తులు వెలిగించాడు. పదకొండేళ్ల తర్వాత కూడా! శాసనాలు, యుద్ధాల కంటే ఆ మనిషిని ఎక్కువగా పట్టిచ్చేది ఈ ఘట్టమే. ఆ చర్చి స్థలంలో ఇప్పుడున్నది ఇస్తాంబుల్‌లోని ఫాతిహ్ మసీదు. రాణి రూపాన్ని చూపే మొజాయిక్ ఇటలీలోని రావెన్నాలో, సాన్ విటాలే చర్చిలో ఉంది.