ఫిల్టర్ పెట్టుకున్న మనవడికి

చింతామణి

బాగేపల్లి అత్తకు మోకాలినొప్పి కాస్త నెమ్మదించింది. మొన్నటి వానకు మల్బరీ బాగా చిగిర్చింది.

పండక్కొచ్చినప్పుడు వసారాలో పైపు ముట్టించావు. మీ అమ్మ మొహం మాడ్చుకుంటే "ఫిల్టర్ ఉందమ్మా, ఏం కాదు" అన్నావు. నలుగురిలో ఎందుకని నేను నోరెత్తలేదు. పొగాకు మనింటికి కొత్త కాదు. మా నాయనకు చుట్ట, మీ జేజికి నమిలే కడ్డిపుడి. అందుకే మానెయ్యమని కాగితం నింపను, ఆ ఫిల్టర్ సంగతి మాత్రం మాట్లాడతా.

నువ్వు పారేసినదాన్ని విప్పి చూశాలే. అగ్గిపుల్లంత పొడవు. ఒక కొసన పింగాణీ టోపీ, ఇంకో కొసన ప్లాస్టిక్, నడుమ నల్లటి బొగ్గు పలుకులు. పైకాగితం సగం దాకా గోధుమరంగుకు తిరిగి, తడితడిగా, చేదు వాసన కొడుతోంది. అంటే అది పని చేసినట్టే. పొగలో తేమను, కొంత తారును పట్టుకుంది. చేదునీళ్లు నోట్లోకి రావు, నాలుక చురచురలాడదు. కాల్చేటట్టయితే పైపు గిన్నెకొకటి మార్చు, తడిసి నిండిన బొగ్గు ఇంక దేన్నీ పట్టుకోదు.

నంది శివరాత్రి జాతరలో బైరాగులు చిలుము పీల్చడం చూసేవాళ్లం. లోపల నిప్పు జారకుండా చిన్న రాయి, కింద చుట్టడానికి తడిగుడ్డ. నీ జర్మనీ ఫిల్టర్ చేసేదీ ఆ గుడ్డ పనే, కాకపోతే దీనికి పెట్టె, ధర ఉన్నాయి.

ఇక ఫిల్టర్ దాటిపోయేదాని మాట చెప్పాలి. కార్బన్ మోనాక్సైడ్ ఆ బొగ్గుకు చిక్కదు. నికోటిన్ కొంత ఆగినా కావలసినంత దాటుతుంది. దాటకపోతే నువ్వు రెండోసారి ముట్టించేవాడివా? "పొగ మింగను కదా" అంటావు. పైపు పొగకు సిగరెట్టు పొగ కంటే క్షార గుణం ఎక్కువ, అందుకే నికోటిన్ నోటి చర్మంలోంచే రక్తంలోకి దిగుతుంది. దెబ్బ తగిలేదీ అక్కడే, పెదవికి, నాలుకకు, గొంతుకు. తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ రెండు వారాలు దాటితే పళ్ల డాక్టరుకు చూపించుకో, సిగ్గుపడకు.

ఫిల్టర్ అనగానే ధైర్యం తెచ్చుకోవడం నీతో మొదలు కాలేదులే. 1952లో అమెరికాలో కెంట్ సిగరెట్టు వచ్చింది, ఫిల్టరే దాని గొప్ప. ఆ ఫిల్టర్‌లో 1956 దాకా నీలి ఆస్బెస్టాస్ ఉండేది! కాపలాకు దొంగనే పెట్టారు.

మన పట్టుపురుగులను మాత్రం ఎవరూ మభ్యపెట్టలేరు. పట్టుపురుగుకు నికోటిన్ విషం. పొగాకు చేను పక్కనున్న మల్బరీ ఆకు కోసి వేస్తే పురుగు తల, రొమ్ము పైకెత్తి, గోధుమరంగు నీళ్లు కక్కుతుంది, ఇంక ఆకు ముట్టదు. అందుకే కడ్డిపుడి వేసుకునే ఆడవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోనిదే మన షెడ్డులో ఆకు వెయ్యరు. బీడీ తాగొచ్చినవాణ్ణి గడప దాటనివ్వం. ఫిల్టర్ బీడీయా, మామూలు బీడీయా అని అడిగేదేం లేదు. శిడ్లఘట్ట మార్కెట్టులో పట్టుగూళ్లు అమ్ముకుని బతికే ఏ ఇంట్లోనైనా ఇదే కట్టడి.

వచ్చే వారం పురుగులు నాలుగో జ్వరం, అంటే పొర విడిచే నిద్ర, లేస్తాయి. రాత్రీ పగలూ ఆకు వెయ్యాలి, మనుషులు చాలరు. శనివారం వీలుంటే రా. పైపు బెంగళూరులోనే పెట్టి, ఉతికిన బట్టలతో రా. వాకిట్లో బ్లీచింగ్ నీళ్లుంటాయి, కాళ్లూ చేతులూ కడుక్కునే లోపలికి అడుగు పెట్టు. బస్సెక్కేముందు మీ అమ్మకు ఫోన్ చెయ్యి, నీకని ఉలవచారు పెడతానంటోంది.

ఇట్లు,
మీ తాత