సౌర విద్యుత్తుతో పల్లెకు తాగునీరు

కరెంటు లైను చేరని, చేరినా సరఫరా నిలకడగా ఉండని గిరిజన గూడేలకు సౌర పంపు మంచి దారి. మైళ్ల దూరం బిందెలు మోసే ఆడవాళ్ల కష్టం తీర్చే ఏ పథకమైనా విలువైనదే.

పనిచేసే తీరు: సౌర ఫలకాలు ఎండను డీసీ విద్యుత్తుగా మారుస్తాయి. కంట్రోలర్ ద్వారా అది బోరులోని సబ్‌మెర్సిబుల్ మోటారును నడుపుతుంది. నీరు ఓవర్‌హెడ్ ట్యాంకుకు, అక్కడి నుంచి వాలు మీద కుళాయిలకు చేరుతుంది. పగలు తోడిన నీరు ట్యాంకులో నిల్వ ఉంటుంది కాబట్టి మోటారుకు బ్యాటరీ అక్కర్లేదు. ఖర్చు తగ్గేది ఇక్కడే.

లెక్క: జల్ జీవన్ మిషన్ ప్రమాణం తలసరి రోజుకు 55 లీటర్లు. 100 మంది ఉన్న గూడేనికి రోజుకు 5,500 లీటర్లు కావాలి. మబ్బు రోజులకు ట్యాంకు కాస్త పెద్దదిగా ఉండాలి.

నిర్వహణ: ఫలకాలపై దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది, తరచూ తుడవాలి. సౌర పంపు నీటిని తోడుతుందే తప్ప శుద్ధి చేయదు. క్లోరినేషన్, ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి.

గుర్తుంచుకోండి
• జల్ జీవన్ మిషన్ ప్రకటన: 2019 ఆగస్టు 15
• తాగునీటి ప్రమాణం: ఐఎస్ 10500
• ఫ్లోరైడ్: లీటరుకు 1 మి.గ్రా. ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేకపోతే గరిష్ఠంగా 1.5 మి.గ్రా.
• రాజ్యాంగం 11వ షెడ్యూలు (పంచాయతీల అంశాలు): 11వ అంశం తాగునీరు, 15వ అంశం సంప్రదాయేతర ఇంధన వనరులు
• సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు: 6 (నీరు), 7 (ఇంధనం)

పీఎం కుసుమ్ అనే సౌర పథకం సాగు పంపులకు సంబంధించినది. తాగునీటి పథకంగా పొరబడవద్దు.