ఉదయపు మనస్సు – నాలుగు భావనలు

భిలాయి ఉక్కు కర్మాగారమునందు ఉదయపు షిఫ్టు ఆరు గంటలకు ఆరంభమగును. అంతకు గంట ముందే సెక్టార్లలోని క్వార్టర్లలో దీపములు వెలుగును. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. అట్టి యింటిలోని ఒక గృహస్థుని ఊహించుకొందము. అతని దేహమునకు జబ్బు లేదు. పనియందు నేర్పు కలదు. ఐనను కాలు మంచము దిగుటకు ఒప్పుకొనదు. కొలిమి వేడికి అతడు జంకుట లేదు. పై అధికారి పరుషవాక్యమునకు, తోడివాని మౌనమునకు జంకుచున్నాడు. ‘ఈ దినము మరల ఆ ముఖమును చూడవలెనా?’ అను తలంపు సూర్యునికంటె ముందే అతనిలో ఉదయించుచున్నది.

ఈ బాధ కల్పితము కాదు; సోమరితనమును కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో వృత్తివలన కలుగు ఈ మానసికక్షయమునకు చోటు లభించినది. దానిని రోగముగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా ఆ సంస్థ పేర్కొన్నది. దానికి మూడు లక్షణములు చెప్పబడినవి: శక్తి యంతయు హరించినట్లు తోచుట, పనియెడల విముఖత, తన చేతనైనది తక్కువయను భావము. కండరముల అలసట రాత్రి నిద్రతో తీరును. మనుష్యులతోడి వ్యవహారమువలన కలిగిన అలసట నిద్రతో మాత్రమే తీరదు. ఏలయన, నిద్ర లేవగానే మనస్సు నిన్నటి మాటలను వెదకి తెచ్చుకొనును.

ఒక విషయమును నిదానముగా పరిశీలింపవలెను. ఉదయము అయిదు గంటలకు కలహించువా డెవడును ఎదుట లేడు. ఉన్నవి రెండే: నిన్నటి స్మృతి, నేటి ఊహ. ఈ రెండింటితో యుద్ధము చేసి అలసిన తరువాత అతడు సైకిలెక్కి పనికి పోవుచున్నాడు. అనగా, షిఫ్టు ఆరంభము కాకమునుపే ఒక షిఫ్టు పని ముగించుకొని పోవుచున్నాడు!

భిలాయి చరిత్రయే ఇచ్చట కొంత బోధింపగలదు. ఈ కర్మాగార నిర్మాణమునకు 1955లో భారత, సోవియట్ ప్రభుత్వములు ఒడంబడిక చేసికొన్నవి. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఈ నడుమ రష్యను ఇంజనీర్లు, నానా ప్రాంతములనుండి వచ్చిన భారతీయ కార్మికులు ప్రక్కప్రక్కన పని చేసిరి. ఒకరి భాష ఒకరికి తెలియదు, దుబాసీలు కావలసివచ్చెను. పరస్పర ప్రీతి కలిగిన తరువాతనే పని మొదలు పెట్టుదమని వారు కూర్చుండియుండినచో కొలిమి రగిలియుండెడిది కాదు. ఆ స్నేహమునకు గుర్తుగా పెంచిన ఉద్యానమునకు మైత్రీబాగ్ అని పేరిడిరి. 1991లో సోవియట్ రాజ్యము అంతరించెను. ఆ పేరు మాత్రము నేటికిని నిలిచియున్నది.

మైత్రి యనునది పతంజలి మహర్షి చెప్పిన నాలుగు భావనలలో మొదటిది. యోగసూత్రముల సమాధిపాదమున 33వ సూత్రమునందు చిత్తము నిర్మలమగుటకు ఒక ఉపాయము కలదు. సుఖించువారియెడ మైత్రి, దుఃఖించువారియెడ కరుణ, సత్కార్యము చేయువారియెడ ముదిత, దోషవర్తనులయెడ ఉపేక్ష వహింపవలెనని దాని భావము. ఇది అడవిలోని తపస్వికే గాక, పదిమందితో కలిసి పనిచేయువానికి మరింత ఆవశ్యకము. ఎదుటివాని స్వభావమును మార్చుమని మహర్షి చెప్పలేదు. తన చిత్తము ఏ భంగిమలో నిలువవలెనో చెప్పినాడు.

తోడివానికి పదోన్నతి వచ్చినది. అది చూచి మనస్సు మండుచున్నది. అచ్చట మైత్రి మందు. పై అధికారి విసుగుకొనుచున్నాడు. అతని యింట రోగి యుండవచ్చును, అతనిపైనను మరియొకని ఒత్తిడి యుండవచ్చును. అచ్చట కరుణ మందు. క్రొత్తగా చేరిన యువకుడు తనకంటె చక్కగా పని చేయుచున్నాడు. అచ్చట ముదిత, అనగా సంతోషము, మందు. ఒకడు నిత్యము చాడీలు చెప్పుచున్నాడు. అచ్చట ఉపేక్ష మందు.

ఉపేక్ష యనగా అన్యాయమును సహించి ఊరకుండుట యని పొరపడరాదు. అవమానము మితిమీరినచో, పనిలో ప్రమాదము కనబడినచో, తగినవారికి తెలుపుట ధర్మము. చెప్పవలసినది చెప్పి, ఆ మనుష్యుని ఇంటికి మోసికొని రాకుండుటయే ఉపేక్ష.

ఉక్కు కర్మాగారమున ఇది కేవలము మనశ్శాంతికి సంబంధించినది కాదు. షిఫ్టు మారునప్పుడు దిగిపోవువాడు యంత్రముల స్థితిని వచ్చువానికి తెలుపవలెను. కోపమువలన ఆ ఒక్క మాట మ్రింగినచో, ఆ కలహముతో సంబంధమే లేని మూడవవాని ప్రాణమునకు అపాయము కలుగవచ్చును. కావున మాటలాడుట ఇష్టము కాకున్నను విధి.

కొలిమిలో ఖనిజముతోబాటు సున్నపురాయి వేయుదురు. అది మలినములతో కూడి చిట్టెమై, కరగిన ఇనుముపై తేలును. దానిని వేరుచేసి తీసివేయుదురు. అది సిమెంటు తయారీకి పనికివచ్చును. మలినము పుట్టకుండ ఇనుము రాదు. మలినమును లోననే నిలుపుకొన్న కొలిమియు సాగదు. దినమంతయు పోగైన కటువాక్యములను రాత్రి పడుకొనబోవుటకు ముందే వేరుచేసి విడువవలెను. వానినుండి నేర్చుకొనదగిన దేమైన నున్నచో అంతమాత్రమే గ్రహింపవలెను.

సాధన సులభమైనది. లేవగానే కొంతసేపు నిశ్చలముగా కూర్చుండి, తనకు బరువుగా తోచు ఒక్క వ్యక్తిని స్మరింపవలెను. నాలుగు భావనలలో అతనికి తగిన దేదియో నిర్ణయించుకొనవలెను. పిదప ఆనాడు తాను చేయవలసిన పనులలో ఒకదానిని ఎన్నుకొని, దానిని ఎవరి మెప్పునకును గాక చక్కగా చేయుదునని సంకల్పింపవలెను. దినమంతటిని ఒకేమారు ఎత్తుకొనుటకు ఎవరికిని శక్తి చాలదు. ఒక పనిని, ఒక మనుష్యుని ఎదుర్కొనుటకు చాలును.

ఇట్లు చేసినను నిద్ర, ఆహారము తప్పి, నిరాశ వారములతరబడి వదలకున్నచో వైద్యుని చూడవలెను. మానసిక సహాయమునకై ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్‌ను 14416 సంఖ్యకు ఫోను చేసి సంప్రదింపవచ్చును. సహాయము కోరుట సాధనకు లోపము కాదు.

మనము ఊహించిన గృహస్థు లేచినాడు. కర్మాగార ద్వారమువద్ద ఆ తోడివాడే ఎదురైనాడు. అతని స్వభావము మారలేదు. ఐనను ఇతడు ముందుగా నమస్కరించి, ‘రాత్రి యంత్ర మెట్లు నడచినది?’ అని అడిగినాడు. అతడు క్లుప్తముగా బదులు చెప్పినాడు. ఆనాటి కది చాలును.