నగరములో నిశ్శబ్దము: విద్యార్థి హక్కు, బాధ్యత

విద్యార్జనకు గురువు, గ్రంథము ఎంత అవసరమో ప్రశాంతమైన చోటును అంతే అవసరము. మన విద్యార్థులలో పెక్కుమంది ఒకటి రెండు గదుల ఇండ్లలో నివసించువారు. పసిపిల్లల ఏడుపు, కుట్టుమిషను చప్పుడు, పొరుగింటి టెలివిజను - వీటి నడుమ చదువు సాగనిచో అది విద్యార్థి దోషము కాదు. అట్టివారికి మహానగరమే చదువుల గది కాగలదు.

హైదరాబాదులో మొదట పేర్కొనదగినది అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసిన ఈ సంస్థకు మూసీ తీరమున నేటి భవనము 1930ల దశకములో నిర్మింపబడినది. ఎత్తైన కప్పు గల ఆ విశాలమైన హాలులో అడుగుపెట్టగానే వీధిలోని రద్దీ మరపునకు వచ్చును. ఉర్దూ, ఫారసీ, అరబ్బీ, తెలుగు గ్రంథములు అచట ఒకే కప్పు క్రింద ఇరుగుపొరుగుగా నున్నవి. ఉభయ భాషల కళాశాల యగు మనకు ఇంతకంటె తగిన తావు వేరొకటి కలదా?

రెండవది శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము. ఉర్దూ రాజభాషగా నున్న కాలమున, 1901లో, తెలుగు భాషాభిమానులు తమ స్వయంకృషితో దీనిని నెలకొల్పిరి. పఠనాలయము ప్రభుత్వమే స్థాపింపవలెనని లేదు, పట్టుదల గల కొలదిమంది చాలుదురని ఈ నిలయము చాటుచున్నది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము ఉద్యోగ పరీక్షార్థులతో కిటకిటలాడును. అచట చోటు కావలెనన్న ఉదయమే చేరుకొనవలెను. నాంపల్లి వద్దనున్న పబ్లిక్ గార్డెన్సు చెట్ల నీడ చదివినదానిని మననము చేసికొనుటకు అనుకూలము. వ్రాతపనికి మాత్రము గ్రంథాలయపు బల్లయే మేలు.

ఈ స్థలములు ఎవరో దయతో ఇచ్చిన దానములు కావు. ఇంటి పన్నుతోబాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నారు. కావున పేద విద్యార్థి సంకోచింపక అందు ప్రవేశింపవచ్చును. అయితే హక్కు వెంట బాధ్యతయు కలదు. పుస్తకము ఉంచి కుర్చీని గంటల తరబడి ఆక్రమించుట, పుటలపై గీతలు గీయుట, చేతిఫోనులో బిగ్గరగా మాట్లాడుట - ఇవి తోటివాని చదువును దొంగిలించుటయే. నిశ్శబ్దము గోడలు కట్టినంతనే లభించునది కాదు. దానిని ప్రతివారును ప్రతి నిమిషము కాపాడవలెను.

తుదకు కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. దూరపు గ్రంథాలయమునకు వెళ్లి చీకటి పడకముందే ఇల్లు చేరుట మన విద్యార్థినులకు కష్టము. తరగతులు ముగిసిన పిమ్మట మన కళాశాల పఠన మందిరమును మరి రెండు గంటలు తెరచి యుంచినచో ఎందరికో మేలు కలుగును. దీనికి క్రొత్త భవనము అక్కరలేదు. వెలుతురు, కొన్ని బల్లలు, తాళముచెవితో వేచియుండు ఒక ఉద్యోగి చాలును. ఇంటిలో దొరకని ప్రశాంతత కళాశాలలో దొరికినచో, చదువు మానదలచిన విద్యార్థిని ఒకరైనను నిలుచును.